ముందు స్కేలు తీయండి, నాబ్ తర్వాత కొనొచ్చు

గేర్ నాబ్ (గేర్ రాడ్ కొనకి బిగించి ఉండే, చేత్తో పట్టుకునే గుండు) గురించి ఎవరో ఒకరు అడిగితే నాలుగు మాటల్లో తేల్చేద్దామనుకున్నా. తీరా చూస్తే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. సరే, ఈ నెల పేజీ మొత్తం నాబ్‌లకే. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: నాది ఆరు గేర్ల మాన్యువల్ స్పోర్ట్స్ కారు. ఫ్రెండ్ కారులో పెద్ద స్టీలు నాబ్ ఉంది, దాంతో నడిపితే గేర్లు వాటంతటవే పడిపోతున్నట్టు అనిపించింది. నేనూ అర కిలో నాబ్ ఒకటి కొందామనుకుంటున్నా. గేర్‌బాక్స్ పాడవుతుందని ఇంకొకాయన భయపెడుతున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ కాస్త నిజముంది. గేర్లు తేలిగ్గా పడినట్టు అనిపించడం మీ భ్రమేం కాదు. రాడ్‌ని తోసినప్పుడు దారిలో రెండు చోట్ల చిన్న అడ్డు తగులుతుంది. ఒకటి గేర్ జారిపోకుండా స్ప్రింగూ చిన్న ఇనుప గుండూ కలిసి పట్టి ఉంచే గాడి, రెండోది తిరుగుతున్న రెండు భాగాల వేగాన్ని సింక్రో రింగు సమం చేసేదాకా ఆగే ఆ చిన్న క్షణం. నాబ్ తేలికైతే ఈ రెండు గతుకులూ నేరుగా అరచేతికి తెలుస్తాయి. బరువైనదైతే ఒకసారి కదిలాక ఆ ఊపులోనే గాడి దాటేస్తుంది, మన చెయ్యి కాస్త తడబడినా సింక్రో మీద ఒత్తిడి ఒకే తీరున పడుతుంది. అందుకే ఆ నున్నదనం. అంతకు మించి లోపల ఏమీ మారదు, సింక్రోకి పట్టే టైము దానికి పడుతూనే ఉంటుంది.

ఇక బరువుతో వచ్చే చిక్కులు. గాడిలో స్ప్రింగు బలహీనపడిన పాత గేర్‌బాక్స్ అయితే గతుకుల రోడ్డు మీద బరువు నాబ్ ఊగి ఊగి గేర్‌ని బయటికి లాగేసే అవకాశం ఉంటుంది. అలా జరిగితే అసలు జబ్బు గేర్‌బాక్స్‌లోదే, నాబ్ దాన్ని బయటపెట్టిందంతే, అయినా ఆ జబ్బుతో బరువు నాబ్ పెట్టుకోకూడదు. కొన్ని కార్లలో ఇంజన్ ఏదో ఒక వేగానికి (ఆర్‌పీఎం) వచ్చినప్పుడు రాడ్ సన్నగా గలగలమంటూ మోగడం మొదలెడుతుంది. ఇంకోటి, మూడు నుంచి నాలుక్కి నేరుగా లాగేటప్పుడు బరువు హాయిగా ఉంటుంది గానీ, రెండు నుంచి మూడుకి పక్కకి తిప్పి తోసేటప్పుడు అదే బరువు ఎదురు తిరిగినట్టుంటుంది, మలుపులో బస్సు వెనక సీట్లో కూర్చున్నట్టు.

అర కిలో దాకా ఎందుకు వెళ్తున్నారో ఒకసారి ఆలోచించండి. హోండా వాళ్లు 2020 సివిక్ టైప్ ఆర్‌కి నీటిబొట్టు ఆకారంలో కొత్త నాబ్ ఇచ్చి, గేర్ ఫీల్ బాగుండాలని లోపల పెట్టిన అదనపు బరువు 90 గ్రాములు. తొంభయ్యే. ఇంకో వైపు చూస్తే పోర్షే 917 రేసు కారులో బరువు తగ్గించడానికి నాబ్‌ని బాల్సా చెక్కతో చేశారు, చేత్తో పట్టుకుంటే ఉందా లేదా అన్నట్టుండే చెక్క అది. ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే ల మాన్స్ రేసుని ఆ కారు 1970, 1971 రెండేళ్లూ గెలిచింది. నాబ్ తేలికైనందుకు వాళ్ల గేర్లు పడకుండా పోలేదు కదా.

కొనేముందు ఒక పని చేయండి. చక్రాలు బ్యాలెన్స్ చేసేటప్పుడు రిమ్ముకి అంటించే బరువు ముక్కలుంటాయి చూడండి, 5 గ్రాములవీ 10 గ్రాములవీ, అవి ఒక పట్టీ తెచ్చి మీ పాత నాబ్ మెడ చుట్టూ అంటించి పైన టేపు చుట్టండి. చూడ్డానికి గాయానికి కట్టు కట్టినట్టుంటుంది, పర్లేదు. మొదటి వారం 50 గ్రాములు, తర్వాత 100, తర్వాత 150. ఎక్కడ మీ చేతికి "ఇక చాలు" అనిపిస్తుందో అక్కడ ఆగి, పాత నాబ్ బరువు దానికి కలపండి. మీరు వెతకాల్సిన బరువు అదే.

ప్రశ్న: గేర్ నాబ్‌కి సైజులుంటాయని తెలీక ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించా. రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. పానాతో బిగిస్తే ఎక్కుతుందా?

జవాబు: ఎక్కుతుంది, రాడ్ మీది థ్రెడ్‌ని (నాబ్ తిరిగి ఎక్కే మర వరసల్ని) తినేసి మరీ ఎక్కుతుంది. వద్దు. రెండు చుట్లు తిరిగి బిగుసుకుందంటే లావు సరిపోయింది, థ్రెడ్ వరసల మధ్య దూరం సరిపోలేదు, అంతే. హోండాల్లో ఎక్కువగా ఎం10×1.5 ఉంటుంది, అంటే 10 మిల్లీమీటర్ల లావు, వరసకీ వరసకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లు. నిస్సాన్, మాజ్డా, మిత్సుబిషి కార్లలో ఎక్కువగా ఎం10×1.25. సుబారులకీ, టయోటా 86కీ ఎం12×1.25. కానీ నేను రాశానని కొనేయొద్దు, ఒకే కంపెనీలో ఏడాది మారితే సైజూ మారొచ్చు. రాడ్ మీద స్కేలు ఆనించి పది వరసలు కొలవండి. 15 మిల్లీమీటర్లు వస్తే 1.5, పన్నెండున్నర వస్తే 1.25. పది వరసలు బయటికి కనిపించకపోతే, సైజు తెలిసిన నట్టు ఒకటి తెచ్చి వేళ్లతోనే ఎక్కించి చూడండి. వేళ్లతో చివరిదాకా సాఫీగా వెళ్లిందే మీది.

బీఎండబ్ల్యూ మాన్యువల్ కార్లలో చాలావాటికి థ్రెడ్డే ఉండదు, నాబ్‌ని గట్టిగా పైకి లాగితే ఊడొస్తుంది. అలా లాగేటప్పుడు మొహం దానికి పైన పెట్టకండి. ఎందుకంటే అది ఎంతకీ రాదు, రాదు, రాదు, వచ్చినప్పుడు మాత్రం నేరుగా పెదవి మీదికే వస్తుంది. (అవును, నాకు తెలుసు.)

ప్రశ్న: బరువు గురించి అందరూ మాట్లాడతారు. ఎత్తు గురించి ఎవరూ చెప్పరేం? పొడుగు నాబ్ పెడితే మంచిదా, పొట్టిదా?

జవాబు: ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నా. నన్నడిగితే బరువు కన్నా ఎత్తుదే పెద్ద పాత్ర, కానీ ఫొటోలో ఎత్తు కనపడదు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

గేర్ రాడ్ అంటే గడ్డపార లాంటిదే, కింద ఒక కీలు, పైన మన చెయ్యి. కీలు నుంచి చెయ్యి ఎంత దూరముంటే చెయ్యి అంత ఎక్కువ కదలాలి, బలం అంత తక్కువ చాలు. ఉదాహరణకి కీలు నుంచి మీ అరచేతికి 200 మిల్లీమీటర్లు ఉందనుకోండి. పాతిక మిల్లీమీటర్లు కిందికి దించే నాబ్ పెడితే చెయ్యి కదిలే దూరం ఎనిమిదో వంతు తగ్గుతుంది, పెట్టాల్సిన బలం దాదాపు ఏడో వంతు పెరుగుతుంది. అంటే ఖర్చుపెట్టి షార్ట్ షిఫ్టర్ (చెయ్యి తక్కువ దూరం కదిలితే చాలేలా చేసిన గేర్ రాడ్) వేయించకుండానే కొంతవరకు ఆ పని అయిపోయినట్టే. పొడుగు నాబ్ దీనికి తలకిందులు: తేలిగ్గా కదులుతుంది గానీ ఊడ్చినట్టు చెయ్యి చాలా దూరం వెళ్లాలి.

ఇప్పటికే షార్ట్ షిఫ్టర్ ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త. దానివల్ల గేర్ అప్పటికే గట్టిగా ఉంటుంది, దాని మీద పొట్టి నాబ్ కూడా పెడితే ట్రాఫిక్‌లో గంట నడిపేసరికి మణికట్టు మొరాయిస్తుంది. అలాంటి కారుకి మాత్రం 250, 300 గ్రాముల నాబ్ నిజంగానే పనికొస్తుంది, షిఫ్టర్ తెచ్చిన ఆ గట్టిదనాన్ని బరువు కాస్త సర్దుతుంది.

అయితే ఎత్తు కొలవడంలో అందరూ ఒకే తప్పు చేస్తారు. నాబ్ పొడవు చూస్తారు, అడుగున రంధ్రం ఎంత లోతుందో చూడరు. రెండు నాబ్‌లూ 60 మిల్లీమీటర్లే అనుకోండి, ఒకదాంట్లో రాడ్ 40 మిల్లీమీటర్లు లోపలికి దూరుతుంది, ఇంకోదాంట్లో 20 దగ్గరే ఆగుతుంది. కారులో పెట్టాక రెండో నాబ్ మీద మీ చెయ్యి రెండు సెంటీమీటర్లు పైన ఉంటుంది. రెండు సెంటీమీటర్లేగా అనుకోవద్దు, కూర్చుని చూడండి.

నేను చేసే పద్ధతి ఇది. సీటు మామూలుగా నడిపే చోటికి జరిపి, కళ్లు మూసుకుని స్టీరింగ్ మీంచి చెయ్యి వదిలేయండి. వెతక్కుండా అది ఎక్కడ వాలిందో ఆ ఎత్తుకి నాబ్ పైభాగం రావాలి. పాత నాబ్ తీసేసి, ఒక చేత్తో రాడ్ మొన మీంచి స్కేలు నిలబెట్టి, ఇంకో చేత్తో ఇదంతా చేస్తుంటే పక్క కారువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఆ తర్వాత గేర్‌ని రెండులోకీ నాలుగులోకీ లాగి మోచెయ్యి సీటు అంచుకి కొట్టుకుంటోందో లేదో చూడండి. బకెట్ సీట్లున్న (పక్కలు ఎత్తుగా ఉండే సీట్లు) కారులో నేనొకసారి మంచి పొడుగు నాబ్ పెట్టాను. నాలుగులోకి లాగిన ప్రతిసారీ మోచెయ్యి సీటు పక్కకి తగిలి, చొక్కా చేతి మీద ఒకే చోట నూలు లేచిపోయింది.

ప్రశ్న: అల్యూమినియం, టైటానియం, డెల్రిన్, చెక్క, ఇత్తడి... ఏది తీసుకోవాలి? ఎండలో పార్క్ చేస్తే లోహపు నాబ్ చెయ్యి కాల్చేస్తుందంటారు, నిజమేనా?

జవాబు: నిజమే, కాలుతుంది, చలిలో అయితే ఐసుముక్క పట్టుకున్నట్టే. అయితే అన్ని లోహాలూ ఒకలా కాల్చవు. అల్యూమినియం వేడిని చాలా వేగంగా అందిస్తుంది, ముట్టుకున్న మరుక్షణం తెలిసిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు దానికంటే పది రెట్లు పైగా నెమ్మదిగా వేడి వదులుతుంది, కాకపోతే ముద్ద పెద్దది కాబట్టి చల్లారడానికి చాలాసేపు పడుతుంది. టైటానియం కూడా నెమ్మదైనదే. తొంభైల్లో హోండా తన ఇంటెగ్రా టైప్ ఆర్‌కి టైటానియం నాబ్ ఇచ్చినప్పటి నుంచీ దానికో మోజు ఉంది, అందులో సగం పేరు మోజే అని నా అనుమానం. డెల్రిన్ అంటే గట్టి ఇంజనీరింగ్ ప్లాస్టిక్, ఎండకీ చలికీ దాదాపు ఒకేలా ఉంటుంది. చెక్క కూడా అంతే. పోర్షే కరేరా జీటీలో 917ని గుర్తుచేస్తూ చెక్క నాబే పెట్టారు.

బరువు తేడా కూడా లోహాన్ని బట్టే. 50 మిల్లీమీటర్ల నిండు బంతి తీసుకుంటే డెల్రిన్‌ది 90 గ్రాముల పైచిలుకు, అల్యూమినియంది 175 ప్రాంతం, టైటానియంది 295, స్టీలుది 520 దగ్గర, ఇత్తడిది 555. రాడ్ కోసం తొలిచిన రంధ్రం మేర కాస్త తగ్గుతుంది. అందుకే నాబ్ వివరాల్లో బరువు రాయకపోయినా, సైజు తెలిస్తే ఎవరికైనా లెక్క తెలిసిపోతుంది.

రోజూ ఎండలో నిలబెట్టే కారైతే నా ఓటు డెల్రిన్‌కే, లేదంటే లోపల స్టీలు, పైన డెల్రిన్ తొడిగినవి దొరుకుతాయి, బరువూ ఉంటుంది, చెయ్యీ కాలదు. లోహమే కావాలంటే పాత సాక్సు ఒకటి తొడిగి దిగండి, నవ్వకండి, చాలామంది చేసే పనే అది. అల్కంటారా (మెత్తని తోలులా ఉండే కృత్రిమ బట్ట) చుట్టినవి మొదటి నెల రోజులు ఎంత బాగుంటాయో, చెమట, చేతి జిడ్డు పట్టాక అంత నున్నగా, జిగురుగా అయిపోతాయి. మెత్తని బ్రష్షూ తడిగుడ్డా పట్టుకుని అప్పుడప్పుడు దువ్వే ఓపిక ఉంటేనే కొనండి. అద్దంలా మెరిసే పాలిష్ నాబ్ చెమట చేతికి జారుతుంది, ఉంగరం పెట్టుకునేవాళ్లు దాని మీద వారంలో గీతలు చూస్తారు.

ప్రశ్న: కొత్త నాబ్‌తో పాటు మూడు చిన్న స్క్రూలూ కొన్ని ప్లాస్టిక్ గొట్టాలూ ఇచ్చారు, "అన్ని కార్లకీ సరిపోతుంది" అని రాసుంది. పెట్టుకోవచ్చా?

జవాబు: నేను పెట్టుకున్నా. అప్పట్లో నా దగ్గర పాత స్పోర్ట్స్ హ్యాచ్‌బ్యాక్ ఉండేది. ప్లాస్టిక్ గొట్టం రాడ్‌కి తొడిగి, నాబ్ దాని మీద పెట్టి, పక్కల నుంచి మూడు స్క్రూలు బిగించాను, గట్టిగానే. మూడు వారాలు బాగానే ఉంది. ఒక రోజు లారీని దాటడానికి నాలుగు నుంచి మూడులోకి తోశాను, గేర్ న్యూట్రల్‌కి వచ్చి ఆగింది, నాబ్ మాత్రం ఆగకుండా నా చేతిలోకి వచ్చేసింది. ఇంజన్ అరుస్తోంది, పక్కన లారీ, ఎదురుగా దూరంగా ఇంకో బండి, నా చేతిలో ఆపిల్ పండు సైజు గుండు. దాన్ని పక్క సీట్లోకి విసిరేసి, ఉత్త రాడ్‌నే పట్టుకుని గేర్ వేసి, లారీ వెనక్కి సర్దుకున్నా. ఇంటికొచ్చి చూస్తే స్క్రూ మొనలు ప్లాస్టిక్‌ని నలిపేసి వదులైపోయాయి, ఒకటి రాడ్ థ్రెడ్ మీద గంటు కూడా పెట్టింది.

కాబట్టి మీ కారు సైజు థ్రెడ్ నేరుగా నాబ్‌లోనే ఉన్నది, లేదా ఆ సైజు లోహపు అడాప్టర్ ఉన్నది తీసుకోండి. నాబ్ కింద ఒక లాక్ నట్టు వేయండి: ముందు నట్టు కిందిదాకా తిప్పి, నాబ్ ఎక్కించి, గేర్ల బొమ్మ నిటారుగా వచ్చే చోట ఆపి, నట్టుని పైకి తిప్పి నాబ్‌కి ఆనించి బిగించండి. అప్పుడది వదులవదు, బొమ్మ వంకరగా కూడా ఉండదు. లాక్‌టైట్ (మరలు వదులవకుండా వేసే జిగురు) వాడాలనిపిస్తే నీలం రంగుది ఒక్క చుక్క. ఎరుపుది మాత్రం వద్దు, దాన్ని విప్పాలంటే వేడి చేయాలి, వేడి చేస్తే కిందున్న తోలు తొడుగు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నా కారులో రివర్స్ వేయాలంటే నాబ్ కిందున్న రింగు పైకి లాగాలి. కస్టమ్ నాబ్ పెడితే రివర్స్ ఎలా?

జవాబు: రింగు పైకి లేవడానికి నాబ్ కింద చోటు కావాలి. నాబ్ మరీ కిందికి కూర్చుంటే రింగు లేవదు, మరీ పైన ఉంటే మధ్యలో ఉత్త రాడ్ కనిపిస్తుంది. మీ మోడల్ కోసం చేసిన అడాప్టర్ ఉంటే తప్ప దీని జోలికి పోవద్దు. పెట్టాక మొదటి పరీక్ష ఇంటి ముందే: బ్రేక్ మీద కాలుపెట్టి పదిసార్లు రివర్స్ వేసి తీయండి. ఆటోమేటిక్ కారు నాబ్ అడిగినవాళ్లకీ ఇక్కడే చెప్పేస్తున్నా. మీ నాబ్‌లో బటనూ, దాని కింద పుల్లా, ఒక్కోసారి వైర్లూ ఉంటాయి, పార్కింగ్ లాక్ దాని మీదే ఆధారపడి ఉంటుంది. మీ మోడల్‌కే చేసింది దొరికితే సరే, లేకపోతే వదిలేయండి.

ప్రశ్న: గేర్లు గరగరమంటూ పడుతున్నాయి. బరువు నాబ్ పెడితే పోతుందా?

జవాబు: పోదు, వినపడకుండా పోతుంది, అది ఇంకా ప్రమాదం. ముందు గేర్ ఆయిల్, క్లచ్, రాడ్ కిందున్న బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే చిన్న తొడుగులు) చూపించుకోండి. అరిగిన బుష్‌లు మార్చాక చాలామందికి కొత్త నాబ్ ఆలోచనే పోతుంది. ఇంకో మాట, నాబ్ మీద చెయ్యి పెట్టుకుని నడిపే అలవాటుంటే మానుకోండి. ఆ కాస్త బరువు కూడా గేర్‌బాక్స్ లోపల గేర్ మార్చే ఫోర్క్‌ని, అది జరిపే, తిరుగుతూ ఉండే స్లీవ్ అనే రింగుకి ఆనించి ఉంచుతుంది, ఫోర్క్ అరుగుతుంది. చెయ్యి వాల్చుకోవడానికి బాగుందని నాబ్ కొన్నామని ఇద్దరు రాశారు, వాళ్లకే ఇది.

ప్రశ్న: మా తమ్ముడు తన కారుకి కత్తి పిడిలాంటి నాబ్ పెట్టాడు, జానెడు పైకి ఉంది. బాగోలేదంటే అక్కా నీకు తెలీదంటున్నాడు. మీరైనా చెప్పండి.

జవాబు: బాగుందా లేదా అన్నది మీ ఇద్దరి మధ్య గొడవ, నేను రాను. కానీ పైన రాసిన గడ్డపార లెక్క అతనికి చదివి వినిపించండి. జానెడు పెరిగితే అతని చెయ్యి ఒక్కో గేర్‌కీ దాదాపు రెండింతలు కదలాలి, స్పోర్ట్స్ కారు కాస్తా పాత లారీలా అయిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బండి ఎక్కడైనా గుద్దుకుంటే మనిషి ముందుకీ పక్కకీ విసురుగా కదులుతాడు, అప్పుడు ఛాతీకి ఎదురుగా మొనదేలిన ఇనుప వస్తువు ఉండకూడదు. పుర్రెలు, బుల్లెట్లు, కొమ్ములు, అన్నిటికీ ఇదే మాట. పైగా ఆ పిడి మీద గేర్ల బొమ్మ ఉండదు. జపాన్ లాంటి చోట్ల గేర్ల వరస కనిపించకపోతే కారుని తనిఖీలోనే ఆపేస్తారు, చిన్న స్టిక్కర్ అంటించినా సరిపోతుంది. అతని కారు ఇంకెవరైనా తీయాల్సి వస్తే రివర్స్ ఎక్కడుందో వెతుక్కోకూడదు కదా.

ప్రశ్న: కొత్త నాబ్ పెట్టేశా, బాగుంది. పాతది పారేయొచ్చా?

జవాబు: పారేయకండి. పాత నాబ్, దాని కింద ప్లాస్టిక్ రింగు, తోలు తొడుగుని పట్టుకునే క్లిప్పు, మూడూ ఒకే కవర్లో వేసి పైన కారు పేరు రాసి డిక్కీలో స్పేర్ టైరు పక్కన పెట్టండి. క్లిప్పు మాత్రం మర్చిపోకండి, కారు అమ్మే రోజు అందరూ వెతుక్కునేది దాని కోసమే.